వరి కయ్యలో బాతులు: పైరు వయసుకి పిల్ల వయసు కలిపి ఎలా చేయాలి

పొన్నేరి దగ్గర మాకు ఎకరంన్నర మాగాణి ఉంది. నేనుండేది చెన్నైలో, కొరుక్కుపేటలో. గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే గంట లోపే పొన్నేరిలో దిగుతాను. నాలుగు పంటలుగా వరిలో బాతులు వదులుతున్నాను. తిరువళ్లూరు, ఊత్తుకోట, గుమ్మిడిపూండి వైపు పొలాలున్న మనవాళ్లు చాలామంది ఎలా చేస్తున్నావని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

కోత అయ్యాక మోళ్లలో బాతుల మందలు తిరగడం మనకి కొత్త కాదు. రాలిన గింజలు, నత్తలు ఏరుకుని తిని ఇంకో ఊరికి వెళ్లిపోతాయి. నేను చెప్పేది వేరు. పైరు పచ్చగా ఉండగానే, నాట్లు కుదురుకున్న దగ్గర్నుంచి వెన్ను బయటికి తొంగి చూసేదాకా, బాతులు ఆ కయ్యలోనే ఉండాలి. జపాన్‌లో ఫుకువోకా ప్రాంతపు రైతు తకావో ఫురునో 1988లో ఇలా చేయడం మొదలుపెట్టారు. కయ్యకి కంచె కట్టి, పిల్లల్ని చిన్నప్పుడే వదిలి, వరినీ బాతునీ ఒకే మడిలో పెంచారు. తర్వాత ఆసియాలో చాలా దేశాల రైతులు ఆయన్ని చూసి నేర్చుకున్నారు.

ఇందులో పట్టుకోవాల్సింది ఒకటే, పైరు వయసుకీ పిల్ల వయసుకీ పొత్తు కుదరడం. పిల్ల మరీ పెద్దదైతే లేత పైరుని తొక్కేస్తుంది. మరీ చిన్నదైతే చలికో కాకికో పోతుంది. రెండూ సరిపోయాయంటే మిగతా పని బాతే చూసుకుంటుంది.

ముందు క్యాలెండర్ తీయండి

నాటు వేసే రోజుని సున్నా అనుకోండి. నాటిన పదకొండు, పన్నెండు రోజులకి వేళ్లు నాటుకుని మొక్క నిలదొక్కుకుంటుంది. పిల్లల్ని దించేది అప్పుడే. ఆ రోజుకి వాటికి మూడు వారాల వయసుండాలి. అంటే నాటుకి పది రోజుల ముందు గుడ్డులోంచి బయటికి రావాలి. బాతు గుడ్డు పొదగడానికి 28 రోజులు పడుతుంది కాబట్టి, నాటుకి 38 రోజుల ముందే గుడ్లు పొదుగుకి వెళ్లాలి. మీరు ఇరవై ఐదు రోజుల నారు వేస్తారనుకుంటే, నారుమడిలో విత్తనం చల్లడానికి పదమూడు రోజుల ముందే బాతు పిల్లల కోసం చెప్పి ఉంచాలన్నమాట. చాలామంది తప్పేది ఇక్కడే. నాట్లు అయ్యాక తీరిగ్గా పిల్లల కోసం తిరుగుతారు. దొరికేసరికి కలుపు మోకాలెత్తు వస్తుంది. ఆ కలుపుని బాతు ముట్టదు.

ఏ పంటకి మొదలుపెట్టాలి

మా వైపు సొర్ణవారి, సాంబా, నవరై అని మూడు పంటలు. మొదటిసారి చేసేవాళ్లు నవరైలో, అంటే డిసెంబర్, జనవరిలో నారు పోసి ఏప్రిల్‌లో కోసే పంటలో, మొదలుపెట్టండి. పెద్ద వానలు వెళ్లిపోయి ఉంటాయి, ఎండ ఇంకా ముదరదు, పిల్లలకి హాయి. సొర్ణవారిలో మే నెల మధ్యాహ్నం కయ్య నీళ్లు కాగుతాయి, బాతులు గట్టు నీడ వదిలి రావు. సాంబాలో ఇంకో చిక్కు. పిల్లలు దిగే సమయానికి ఐప్పసి (అక్టోబర్, నవంబర్) వానలు పట్టుకుంటాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వానలకి మా గట్లన్నీ మునిగి, వల మీదుగా నీళ్లు పారాయి. బాతులకి ఈత వచ్చు కాబట్టి చావలేదు గానీ, పక్క ఊరి చెరువు దాకా వెళ్లి వెతుక్కోవాల్సి వచ్చింది. పల్లపు పొలం అయితే సాంబాలో వద్దనే చెబుతాను.

కయ్య, గట్టు, వల

నాటు కొంచెం దూరంగా వేయించండి. వరసల మధ్య 25 సెంటీమీటర్లుంటే బాతు దుబ్బుకీ దుబ్బుకీ మధ్య దూరి వెళ్తుంది. కూలీలు అలవాటుగా దగ్గర దగ్గరగా గుచ్చేస్తారు, పక్కనే నిలబడి తాడు పట్టించండి. శ్రీ పద్ధతిలో తడిపి ఆరబెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బాతుకి నీళ్లు నిలిచి ఉండాలి. ఆ రెండు పద్ధతులూ ఒకే కయ్యలో పొసగవు.

మొదట నీళ్లు అయిదు సెంటీమీటర్లు చాలు. పిల్ల తేలుతూనే కాళ్లతో బురద తాకగలగాలి. బురద కలిస్తేనే మనకి కావాల్సిన పని జరుగుతుంది. బాతు పెరిగేకొద్దీ నీళ్లు పది సెంటీమీటర్ల దాకా పెంచండి. దమ్ము చేసేటప్పుడు చదును బాగా చేయించాలి. ఎత్తుగా మిగిలిపోయిన చోట నీళ్లుండవు, బాతు వెళ్లదు, అక్కడ మాత్రం గడ్డి గుబురుగా లేస్తుంది.

కంచెకి నేను కాశిమేడులో పాత చేపల వల కొన్నాను. సన్నకన్నుది తీసుకోండి, పెద్ద కన్నైతే పిల్లల మెడ ఇరుక్కుంటుంది. వల అడుగంచు గట్టు మట్టిలో జానెడు లోతు పాతిపెట్టాలి. గట్టుని మా వైపు గెనిమ అంటారు. దానికి ఎండ్రకాయల బొరియలుంటే ముందే పూడ్చేయండి. కాకులకి, గద్దలకి కయ్య మీద అడ్డంగా నాలుగైదు బారలకొకటి దారాలు లాగండి. కుక్కల సంగతి చెప్పక్కర్లేదు, నగరం అంచున ఉన్న పొలాలకి అన్నిటికన్నా పెద్ద బెడద అవే. అందుకే గట్టు మీద ఒక చిన్న గుడిసె వేసి, రాత్రి బాతుల్ని అందులో మూసేయాలి. కింద ఊక పరవండి.

పిల్లలు: ఎన్ని, ఎక్కడివి, ఎలా

ఎకరానికి అరవై నుంచి ఎనభై. ఇంకా ఎక్కువైతే బాగుంటుందని నూటయాభై వదలకండి. మేత చాలక పైరు మీదికి వస్తాయి, తొక్కుడు ఎక్కువవుతుంది.

జాతి విషయానికొస్తే, తమిళనాట ఆరణి, సన్యాసి, కీరి అని నాటు రకాలున్నాయి. మందల వాళ్ల దగ్గర దొరుకుతాయి, ఒళ్లు తేలిక, చురుకు ఎక్కువ. గుడ్ల మీద ఆశ ఉంటే ఖాకీ క్యాంప్‌బెల్. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థలో ఆ జాతి బాతులున్నాయి. తెల్ల పెకిన్ మాంసానికి మంచిదే గానీ ఒళ్లు బరువు, కయ్యలో చురుగ్గా తిరగదు. దాన్ని వరికి పెట్టకండి.

మొదటి వారం బల్బు కింద 32 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. థర్మామీటర్ లేకపోయినా ఫర్వాలేదు, పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. అన్నీ బల్బు కింద కుప్పగా చేరితే చలి, దూరంగా వెళ్లి నోళ్లు తెరిస్తే వేడి, చెదురుమదురుగా పడుకుంటే సరిపోయినట్టు. తాగే నీళ్లలో ముక్కు రంధ్రాలు మునగాలి, ఒళ్లు మాత్రం తడవకూడదు. వెడల్పు పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెడితే సరి.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. బాతంటే నీళ్లలోనే పుట్టిందనుకుని, పన్నెండు రోజుల పిల్లల్ని నేరుగా కయ్యలోకి దించేశాను. సాయంత్రం సన్నగా తుంపర పడింది. పొద్దున్న వెళ్లి చూస్తే నలభైలో పదకొండు గట్టు పక్కన ముద్దయిపోయి పడి ఉన్నాయి. తల్లి కింద పెరిగిన పిల్లకి తల్లి ఈకల నూనె అంటుతుంది. బల్బు కింద పెరిగిన పిల్లకి ఆ నూనె ఉండదు, దాని తోక దగ్గరి నూనె గ్రంథి పని మొదలుపెట్టేదాకా నీళ్లు ఒంటికి పట్టేస్తాయి. ఇది నాకు అప్పుడు తెలియదు. సూళ్లూరుపేట వైపు నుంచి మంద తోలుకొచ్చే ఒక పెద్దాయన ఆ చచ్చిన పిల్లల్ని చూసి, "నాయనా, పిల్ల ఈపు మీద నీళ్లు చల్లి చూడు. ముత్యాల మాదిరి జారిపోవాల. తడి అట్నే నిలబడిందంటే కయ్యలోకి దించబాక" అన్నాడు. ఇప్పటికీ దించే ముందు ఒక్కోదాని వీపు మీద నాలుగు చుక్కలు చల్లి చూస్తాను.

కాబట్టి వారం రోజుల వయసు నుంచే నీళ్లు అలవాటు చేయండి. ఎండ ఉన్నప్పుడు, తక్కువ నీళ్లున్న తొట్టిలో పదిహేను నిమిషాలు వదలండి. తర్వాత ఎండలో ఆరనివ్వండి. రోజూ కొంచెం సమయం పెంచుతూ పోతే అవే ముక్కుతో ఈకలు దువ్వుకోవడం నేర్చుకుంటాయి.

మేతలో ఒక్క జాగ్రత్త. బూజు పట్టిన వేరుశనగ చెక్క గానీ మొక్కజొన్న గానీ పెట్టారో, అందులోని అఫ్లాటాక్సిన్ విషానికి కోళ్లకన్నా ముందు బాతులు పోతాయి. చెక్క వాసన చూసి కొనండి, వానాకాలంలో అసలు నిల్వ పెట్టకండి. బాతు కలరా, బాతు ప్లేగు రెండిటికీ టీకాలున్నాయి. ఏది ఏ వయసులో వేయాలో మీ ఊరి పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. మాధవరంలో వెటర్నరీ విశ్వవిద్యాలయం ఉంది, అనుమానం ఉంటే అక్కడికి వెళ్లి అడగొచ్చు. పులికాట్ సరస్సుకి వలస పక్షులు వచ్చే నెలల్లో మీ బాతుల్ని వాటితో కలవనివ్వకండి. బర్డ్ ఫ్లూ వైరస్‌ని బాతు పైకి ఏ లక్షణమూ లేకుండా మోయగలదు.

దించే రోజు, ఆ తర్వాత

ఎండ కాసిన పొద్దున దించండి, సాయంత్రం వద్దు. మొదటి మూడు రోజులూ మధ్యాహ్నం దాకే. అప్పట్నుంచీ పొద్దున వదిలి, చీకటి పడే ముందు పిలవాలి. రేకు డబ్బా మీద కొడుతూ రోజూ ఒకే చోట తవుడు, నూకలు కలిపిన మేత పెట్టండి. వారంలో ఆ చప్పుడుకి గట్టెక్కి వరస కట్టి వచ్చేస్తాయి. సాయంత్రం మేత కడుపు నిండా పెట్టకండి. కడుపు నిండిన బాతు మర్నాడు కయ్యలో తిరగదు.

నీళ్ల మీద అజోల్లా వేసుకుంటే బాతులకి మేత, పైరుకి నత్రజని. నీటి మీద తేలే ఆ చిన్న ఫెర్న్ మొక్క ఆకుల్లో ఉండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుంది. బాతులు అజోల్లాని తిని చెదరగొడతాయి, మిగిలింది మళ్లీ పెరుగుతుంది. మార్చి ఎండలకి మాత్రం అది మాడిపోతుంది, అప్పుడు బాధపడకండి.

ఇక మందులు. కయ్యలో బాతులుండగా పురుగుమందు, కలుపుమందు ఏదీ కొట్టకూడదు. ముఖ్యంగా కార్బోఫ్యూరాన్ గుళికలు పక్షులకి ప్రాణాంతకం. మీరు వేయకపోయినా పై కయ్యలో వేస్తే ఆ నీళ్లు మీ మడవలోంచి దిగుతాయి. పంట మొదట్లోనే పక్క రైతుతో మాట్లాడుకోండి. "అన్నా, గుళికలు వేసే రోజు ఒక మాట చెప్పు, మడవ కట్టేసుకుంటా" అంటే ఎవరూ కాదనరు.

పైరులో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. మొదటి పంటలో కయ్య మూల రెండు సెంట్లు వల కట్టి, బాతులు రాకుండా వదిలేయండి. నాటు, విత్తనం, నీళ్లు అన్నీ అవే, బాతు ఒక్కటే తేడా. అప్పుడు ఎవరి మాటా నమ్మాల్సిన పని లేదు.

నలభయ్యో రోజున రెండు వైపులా ఒక్కో దుబ్బు పీకి కాలవలో కడిగాను. బాతుల్లేని మూలలో పీకిన దుబ్బు వేళ్లు కొన్ని నల్లగా ఉన్నాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. బాతులు తిరిగిన వైపు వేళ్లు గుబురుగా, తెల్లగా, అక్కడక్కడ ఎర్రమట్టి రంగులో ఉన్నాయి, ఆ వాసన లేదు. ఎందుకంటే, నీళ్లు కదలకుండా నిలిచిన కయ్యలో మట్టికి గాలి అందదు. గాలి లేని బురదలో ఆ వాసన వాయువు పుట్టి వేరుని చంపుతుంది. మీథేన్ కూడా అలాంటి చోటే పుడుతుంది. బాతు రోజంతా కాళ్లతో, ముక్కుతో బురద కెలుకుతుంటే నీళ్లలో ఆక్సిజన్ పెరిగి, పైమట్టి దాకా అందుతుంది. వేరు బతికుంటే పిలక బతికుంటుంది.

కాండం పట్టి చూడండి. బాతులున్న వైపు మొక్క కొంచెం పొట్టిగా, మొదలు లావుగా, గట్టిగా ఉంటుంది. బాతు పురుగు కోసం దుబ్బు మొదట్లో ముక్కుతో పొడిచినప్పుడల్లా, పక్కనుంచి రాసుకుని వెళ్లినప్పుడల్లా మొక్క మొత్తం వణుకుతుంది. అలా రోజూ తాకిడి తగిలే మొక్క పొడుగు సాగడం తగ్గించి లావెక్కుతుంది. సముద్రపు గాలి కొట్టే చోట చెట్లు పొట్టిగా, మొండిగా ఉండటం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే. మన వైపు పైరుకి ఇది చాలా విలువైన గుణం, గాలివానకి పడిపోయే భయం తగ్గుతుంది. మాప్పిళ్లై సాంబా లాంటి పొడుగు నాటు రకాలు వేసేవాళ్లకి మరీ ముఖ్యం.

కలుపు సంగతి. బాతు గడ్డి తినడం కన్నా నీళ్లు బురద చేయడమే ఎక్కువ పని చేస్తుంది. బురద నీళ్లలోంచి వెలుగు అడుగుకి దిగదు, చాలా కలుపు గింజలకి వెలుగు లేనిదే మొలక రాదు. వచ్చిన మొలకలు కాళ్ల కింద ఊడి నీళ్ల మీద తేలుతాయి. మరి వరి ఆకు ఎందుకు తినదు? వరి ఆకులో ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది, ముదిరేకొద్దీ గరుకెక్కి బాతుకి సహించదు. ఆ లెక్కన వరి కుటుంబానిదే అయిన ఊద గడ్డి కూడా ముదిరితే బాతు వదిలేస్తుంది. అది తప్పించుకుని లేచిందంటే మనమే దిగి పీకాలి. మొదటి పది రోజులు, పిల్లలు దిగకముందు, ఊద మొలకల మీద కన్నేసి ఉంచండి.

ఎరువు అంటే అందరూ పెంట గురించే మాట్లాడతారు. పెంట మంచిదే, రోజూ కొంచెం కొంచెంగా కయ్యంతా పడుతుంది, యూరియాలా ఒక్కసారి పొంగి తగ్గిపోదు. కానీ అదొక్కటే చాలుతుందనుకుని భూమిని పస్తు పెట్టకండి. నాటుకి ముందు జీలుగ వేసి పూతకి ముందే దున్నేయండి. తర్వాత పైరు పాలిపోయిందనిపిస్తే ఆకు రంగు పటంతో చూసుకుని కొంచెం వేయండి. బాతులుండగా మామూలు మోతాదు యూరియా వేస్తే ఆకు నల్లపచ్చగా మారి తెగుళ్లని పిలుస్తుంది.

పురుగుల్లో సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కొంచెం పైన ఉంటుంది. అది సరిగ్గా బాతు ముక్కు ఎత్తు. సాయంత్రం వంగి చూస్తే ముక్కు ఒక పక్కకి వాల్చి, కాండం కింది నుంచి పైకి జుర్రుతూ పోవడం కనిపిస్తుంది. కింద ఎండిన ఆకులు ఆ పోట్లకి ఊడి, దుబ్బులో గాలి ఆడుతుంది. పాముపొడ తెగులు మచ్చలు మా బాతుల వైపు తక్కువే కనిపించాయి.

బాతు చేయలేనివి కూడా చెప్పాలి. కాండం తొలిచే పురుగు లోపలికి దూరాక బాతుకి అందదు. అగ్గి తెగులుకి బాతుతో సంబంధం లేదు, దానికి తట్టుకునే విత్తనమే మందు. ఎలుకలు అలాగే ఉంటాయి. పైగా బాతు చెడ్డ పురుగు, మంచి పురుగు అని చూడదు, సాలీళ్లు, కప్పపిల్లలు కూడా తగ్గుతాయి. దిగుబడి బస్తాల్లో బాగా పెరిగిపోతుందని ఆశ పెట్టను. మా కయ్యలో మిగిలింది ఎక్కువగా కలుపు కూలీ, మందుల ఖర్చు.

తీసేసే రోజు

ఇది ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. పొట్ట పగిలి వెన్ను బయటికి వస్తుండగానే బాతుల్ని ఎత్తేయాలి. పాలు పోసుకునే గింజ వాటికి మిఠాయి. మెడ సాచి కంకి లాగి చప్పరించేస్తాయి. ఏడీటీ 37 లాంటి తక్కువ కాలపు రకం అయితే నాటిన యాభై, యాభై అయిదు రోజులకే ఆ సమయం వస్తుంది. బీపీటీ 5204 అయితే తొంభై దగ్గర. పొట్ట దశ మొదలైందనగానే రోజూ ఒక మొక్క చీల్చి చూసుకోండి.

ఎత్తేసిన బాతుల్ని ఎక్కడ పెట్టాలో ముందే అనుకోండి. చెరువు పక్కనో, ఇంకా నాట్లు పడని బీడులోనో నెల రోజులు ఉంచాలి. మగవి మేతకి దండగ కాబట్టి ఎక్కువ భాగం అప్పుడే అమ్మేస్తాను. ఆరు ఆడవాటికి ఒక మగ బాతు చాలు. వేరు చేయడానికి గొంతు వినండి. పెద్దగా గాక్ గాక్ మనేది ఆడది, బొంగురుగా బుసకొట్టినట్టు అరిచేది మగది.

కోత అయ్యాక ఆడవాటిని మళ్లీ అదే కయ్యలో మోళ్ల మీదికి వదలండి. రాలిన వడ్లు, నత్తలు తిని పది రోజుల్లో ఒళ్లు చేస్తాయి. అయిదు నెలల వయసు దాటాక గుడ్లు మొదలవుతాయి. బాతు తెల్లవారుజామున, పొద్దున తొమ్మిది లోపే పెడుతుంది. అంతకు ముందే తలుపు తీశారంటే గుడ్లన్నీ బురదలో పెడుతుంది, మనం మోళ్ల మధ్య వంగి వెతుక్కోవాలి. తొమ్మిది దాటాక వదలండి.